స్విచ్ 10 సెకన్లు ఎందుకు పట్టుకోవాలో చెప్పండి

ఫ్లయింగ్ స్కూళ్లలో పనిచేస్తున్న చీఫ్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్లకు, గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్లకు నమస్కారం.

నేను మీలాంటి వాళ్ల దగ్గర చదువుకుని పైలట్ అయినవాణ్ని. ఇప్పుడు అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా మీ మధ్యే పనిచేస్తున్నాను. చాలా రోజులుగా మనసులో ఉన్న ఒక విషయం మీ అందరి ముందూ పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

గ్లాస్ కాక్‌పిట్ (గుండ్రటి మీటర్ల బదులు స్క్రీన్లు) ఉన్న చిన్న శిక్షణ విమానం సెస్నా 172 మీకందరికీ తెలిసిందే. అందులో ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు స్టాండ్‌బై బ్యాటరీ స్విచ్‌ని టెస్ట్ వైపు నొక్కి పట్టుకోవాలి. చెక్‌లిస్ట్‌లో 10 సెకన్లు అని స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ 10 సెకన్లూ పచ్చ లైటు ఆరిపోకూడదు. ఆ తర్వాత స్విచ్‌ని ఆర్మ్‌లో పెడితే ఎడమవైపు స్క్రీన్ వెలుగుతుంది. శిక్షణలో ఉన్నప్పుడు నేను ఒకట్రెండు సెకన్లు నొక్కి, లైటు వెలిగింది కదా అని "చెక్డ్" అనేసేవాణ్ని. మా బ్యాచ్‌లో అందరం అంతే. 10 సెకన్లు ఎందుకని మేం అడగలేదు, మాకు ఎవరూ చెప్పలేదు.

ఎందుకో నాకు ఒక సోలో క్రాస్ కంట్రీలో, అంటే ఒంటరిగా దూరం ఎగిరే శిక్షణ ప్రయాణంలో తెలిసింది.

బేస్ నుంచి బయల్దేరి 40 నిమిషాలైంది. కింద ఎండిన చెరువులు, పత్తి చేలు. గాలి నిలకడగా ఉంది, అంతా బాగానే ఉంది అనుకుంటుండగా స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలతో "లో వోల్ట్స్" అని వచ్చింది. ఈ హెచ్చరిక ఎన్ని వోల్టుల దగ్గర వస్తుందని క్లాసు టెస్టులో అడిగారు. 24.5 అని టిక్కు పెట్టాను, మార్కు వచ్చింది. కానీ విమానంలో ఒక్కణ్నే కూర్చుని, ఆ అంకె 24.2, 24.1 అని దిగిపోతుంటే చూస్తున్నప్పుడు ఆ మార్కు దేనికీ పనికి రాలేదు. నా బుర్రలో ఉన్నది ఒకటే ప్రశ్న. ఇంజిన్ ఆగిపోతుందా?

అప్పటికి నా లాగ్‌బుక్‌లో 90 గంటలు దాటాయి. టెక్నికల్ పేపర్ మంచి మార్కులతో పాసయ్యాను. అయినా ఆ ప్రశ్న వచ్చింది. ఆ క్షణంలో నాకు సమాధానం అందింది కూడా క్లాసు నోట్స్‌లోంచి కాదు, మా నాన్న షాపులోంచి.

మా నాన్నది మండల కేంద్రంలో టూవీలర్ మెకానిక్ షాపు. చిన్నప్పుడు సెలవులన్నీ నాకు అక్కడే గడిచేవి. రిపేరుకి వచ్చే పాత లూనాలకి బ్యాటరీ ఉండేది కాదు. మరి ప్లగ్గులో నిప్పు ఎక్కణ్నుంచి వస్తుందని అడిగితే, మూత ఊడదీసి మాగ్నెట్ కాయిల్ చూపించేవాడు. చక్రాన్ని చేత్తో తిప్పి, ప్లగ్గుని బాడీకి ఆనించి, ఆ నీలం చుక్క టప్‌మని వెలిగేది చూపించి, "ఇది తిరిగినంతసేపూ కరెంటు పుడతనే ఉంటది రా, బ్యాటరీతో దీనికి పన్లేదు" అనేవాడు.

172 ఇంజిన్‌కి రెండు మాగ్నెటోలు ఉంటాయి. 4 సిలిండర్లు, ఒక్కోదానికి 2 చొప్పున 8 ప్లగ్గులు. ఇంజిన్ తిరిగినంతసేపూ ఆ మాగ్నెటోలు వాటి కరెంటు అవే పుట్టించుకుంటాయి. విమానానికి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పోయినా, బ్యాటరీ అయిపోయినా వాటికి సంబంధం లేదు. ఈ ముక్క నేను ఎన్నోసార్లు చదివాను, రాశాను. కానీ ఆ రోజు లూనా గుర్తొచ్చాకే నా చేతులు వణకడం ఆగింది. ఊపిరి పీల్చుకుని చెక్‌లిస్ట్ తీశాను. ఆల్టర్నేటర్ స్విచ్ ఆఫ్ చేశాను. ఫీల్డ్ సర్క్యూట్ బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే బయటికి వచ్చే బటన్) లోపలికే ఉందని చూశాను. మళ్లీ ఆన్ చేశాను. లో వోల్ట్స్ పోలేదు. ఇక ఆల్టర్నేటర్‌ని ఆఫ్‌లోనే ఉంచి లోడ్ తగ్గించాను. అవియానిక్స్ బస్ 1 (బస్ అంటే పరికరాలకు కరెంటు పంచే లైను), పిటోట్ హీట్, లైట్లు, క్యాబిన్ పవర్ ఒక్కొక్కటీ ఆపేశాను. ఏటీసీకి చెప్పి వెనక్కి తిరిగాను.

తిరిగి వస్తున్నంతసేపూ ఒక్కొక్క వైరూ నా కళ్లముందు కదులుతున్నట్టు ఉంది. మెయిన్ బ్యాటరీ 20 వోల్టుల కిందికి పడిపోతే ఏం జరుగుతుంది? స్టాండ్‌బై బ్యాటరీ తనంతట తానే అందుకుని, ఎసెన్షియల్ బస్ మీదున్న వాటిని కనీసం 30 నిమిషాలు నడిపిస్తుంది. ఎడమ స్క్రీన్, దానికి సమాచారం ఇచ్చే బాక్సులు, మొదటి రేడియో ఆ బస్ మీదే ఉంటాయి. పొద్దున నేను రెండు సెకన్లు నొక్కి వదిలేసిన స్విచ్ ఈ బ్యాటరీదే. అది 10 సెకన్లు లోడ్‌ని మోయగలదో లేదో చూడటానికే ఆ టెస్ట్. మూడో సెకనుకి ఆరిపోయే లైటు రెండో సెకనులో వెలుగుతూనే ఉంటుంది. అది బాగుందో లేదో తెలియకుండానే నేను దాని భరోసా మీద గాల్లో ఉన్నాను.

అదీ పోతే? స్క్రీన్ల కింద మూడు చిన్న గుండ్రటి మీటర్లున్నాయి. స్పీడు, ఎత్తు గాలి ఒత్తిడితోనే నడుస్తాయి. మా విమానంలో మధ్యలో ఉన్న, విమానం వంపు చూపే హొరైజన్‌ని ఇంజిన్ తిప్పే వాక్యూమ్ పంపు నడుపుతుంది. కరెంటు మొత్తం పోయినా ఆ మూడూ ఉంటాయి. అన్ని నెలలుగా వాటిని చూస్తున్నాను, అవి ఉన్నది ఇందుకని ఆ రోజే ఎరుక అయింది.

ఫ్లాప్స్ విషయంలో మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి వంచే పలకలే ఫ్లాప్స్. 172లో వాటిని దించేది ఎలక్ట్రిక్ మోటారు. ఆ మోటారు కరెంటు బాగా లాగుతుందని, ల్యాండింగ్ ఖాయమనుకున్నాకే ఫ్లాప్స్ దించమని మాన్యువల్లో ఒక నోట్ ఉంది. పొడవైన రన్‌వే, ఎదురుగాలి. నేను ఫ్లాప్స్ జోలికే పోకుండా కాస్త ఎక్కువ స్పీడుతో దిగాను. ఏమీ కాలేదు. విమానానికీ, నాకూ.

సాయంత్రం హ్యాంగర్‌లో ఇంజినీర్ సార్ కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) తీసి నన్ను పిలిచారు. ఆల్టర్నేటర్ వెనక ఫీల్డ్ వైరు కొస వదులైపోయి ఉంది. వేలితో తాకితే కదులుతోంది. "ఈ చిన్న వైరులో కరెంటు వెళ్తేనే ఆల్టర్నేటర్ పుట్టిస్తుంది. ఇది వదులైతే అది ఊరికే తిరుగుతుంది, అంతే" అన్నారు. అక్కణ్నుంచి వైరు పట్టుకుని కంట్రోల్ యూనిట్ ఎక్కడ, బ్యాటరీ ఎక్కడ, మెయిన్ బస్‌లు ఎక్కడ అని వరసగా చూపించారు. మొత్తం 20 నిమిషాలు పట్టిందేమో. ఎలక్ట్రికల్ సిస్టమ్ మీద నాలుగు వారాల క్లాసుల్లో నాకు ఎక్కనిది ఆ 20 నిమిషాల్లో ఎక్కింది.

ఆ 20 నిమిషాలు సోలోకి ముందే ప్రతి విద్యార్థికీ ఇవ్వండి. ఈ ఉత్తరంలో నేను అడుగుతున్నది ఇదే. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నదే.

ఇప్పుడు విద్యార్థులు సిస్టమ్స్ ఎలా చదువుతున్నారో మీకు తెలుసు. కమర్షియల్ లైసెన్స్‌కి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షల్లో టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్ అని రెండు పేపర్లున్నాయి. పాస్ కావాలంటే 70 శాతం రావాలి. పిల్లలు ఏం చేస్తున్నారు? క్వశ్చన్ బ్యాంకులు సంపాదించి, వేల ప్రశ్నలు బట్టీ పట్టి, ఆప్షన్ చూడగానే గుర్తుపట్టేలా తయారవుతున్నారు. వాళ్లని తప్పు పట్టను, నేనూ అలాగే పాసయ్యాను. పొలం అమ్మి, ఇల్లు తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రులుంటారు, పేపర్ పోతే ఇంకో సెషన్ దాకా ఆగాలి. ఆ టెన్షన్‌లో ఎవరైనా అదే చేస్తారు. కానీ పరీక్ష కోసం చదివే చదువు ఒకటి, విమానం కోసం చదివే చదువు ఒకటి ఉంటాయి. రెండోది నేర్పాల్సింది మనం. అది మన స్కూళ్లలో చాలాచోట్ల జరగడం లేదు.

నిన్నగాక మొన్న ఒక విద్యార్థిని మాగ్నెటో చెక్ గురించి అడిగాను, అంటే ఒక్కో మాగ్నెటోని ఆపి ఇంజిన్ వేగం ఎంత తగ్గుతుందో (డ్రాప్) చూడటం. టకటకా చెప్పాడు: 1800 ఆర్‌పీఎం, ఒక్కోదానికి డ్రాప్ 150 దాటకూడదు, రెండిటికీ తేడా 50 దాటకూడదు. చాలా బాగుంది. సరే, ఒకవైపు తిప్పితే డ్రాప్ అసలు రాలేదనుకో, అప్పుడేంటి అన్నాను. "ఇంజిన్ చాలా మంచి కండిషన్లో ఉన్నట్టు సార్" అన్నాడు.

ఇది విని నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో లైటు స్విచ్ ఆఫ్ చేస్తే కరెంటు దారి తెగుతుంది. మాగ్నెటోకి దీనికి తలకిందులు. కీ ఆఫ్‌లో పెడితే మాగ్నెటో ఎర్త్ అవుతుంది. ఎర్త్ అయితేనే అది ఆగుతుంది. ఆ ఎర్త్ వైరు ఎక్కడైనా తెగిందంటే, కీ జేబులో వేసుకుని వెళ్లినా ఆ మాగ్నెటో బతికే ఉంటుంది. ఎవరైనా ప్రొపెల్లర్‌ని చేత్తో కొంచెం తిప్పితే ఇంజిన్ అందుకోవచ్చు. చెయ్యి పోవచ్చు, ప్రాణం పోవచ్చు. డ్రాప్ రాలేదంటే ఆ అనుమానం రావాలి. మెకానిక్ షాపులో పదేళ్ల కుర్రాడికి కూడా "ఎర్త్" అంటే తెలుసు. మన విద్యార్థికి 150, 50 అనే రెండు అంకెలు తెలుసు, ఎర్త్ తెలియదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కౌలింగ్ తీసి, ఇంజినీర్ పక్కన ఉండగా ఆ వైరుని ఒక్కసారి వేలితో చూపించండి. జన్మలో మర్చిపోడు.

ఇంధనం సంగతి కూడా ఇంతే. 172ఎస్‌లో నీళ్లు తీసి చూసే డ్రెయిన్లు 13 ఉంటాయి. ఒక్కో రెక్క కింద 5, పొట్ట కింద 3. ఒక స్కూల్లో "మూడు చోట్ల చూస్తే చాలు, టైమ్ అవుతోంది" అని ఇన్‌స్ట్రక్టరే అనడం నా చెవులారా విన్నాను. ఆయనకి స్లాట్ పోతుందన్న తొందర, అది నాకు అర్థమవుతుంది. కానీ 13 ఎందుకు పెట్టారు? రెక్కలోని ట్యాంకు పల్చగా, వెడల్పుగా ఉంటుంది. నీళ్లు ఒకచోటికే చేరవు, ఎక్కడ పల్లం ఉంటే అక్కడ ఆగుతాయి. విమానం నిలబెట్టిన నేల కొంచెం వాలుగా ఉన్నా చోటు మారిపోతుంది. వర్షాకాలం రాత్రంతా బయట తడిసిన విమానంలో ఏ డ్రెయిన్‌లో నీళ్లొస్తాయో ముందే ఎవరు చెప్పగలరు?

ఆ గ్లాసుని ఎలా చూడాలో కూడా నేర్పాలి. ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ లేత నీలం. నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి, మధ్యలో గీత కనిపిస్తుంది. ఇది అందరూ చెబుతారు. అయితే గ్లాసు నిండా నీళ్లే వస్తే గీత ఎక్కడ కనిపిస్తుంది? తేటగా, శుభ్రంగా ఉంటుంది, చూసి బాగుందనుకుంటాడు. అందుకే గ్లాసుని తెల్లటి దాని ముందు పట్టి రంగు చూడాలి, వాసన చూడాలి. నేను ఇప్పుడు నా విద్యార్థుల ముందు కావాలనే ఒక గ్లాసులో ఏవ్‌గ్యాస్, ఒక గ్లాసులో మంచినీళ్లు, ఇంకో గ్లాసులో రెండూ కలిపి పెడతాను. ఎండలో పట్టుకుని చూడమంటాను. పెద్ద ఖర్చేం కాదు.

ఇక పిటోట్ ట్యూబ్, ఎదురుగా వచ్చే గాలి ఒత్తిడిని స్పీడు మీటరుకి అందించే గొట్టం. దాని కవర్ మీద "రిమూవ్ బిఫోర్ ఫ్లైట్" అనే ఎర్ర రిబ్బను తీయడం అందరికీ గుర్తుంటుంది. సాయంత్రం తిరిగి తొడగడమే మర్చిపోతాం. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి లేచిన బిర్గెన్‌ఎయిర్ సంస్థ బోయింగ్ 757 సముద్రంలో పడి 189 మంది చనిపోయారు. అంతకు ముందు ఆ విమానం చాలా రోజులు నేల మీదే ఉంది, చివర్లో పిటోట్ ట్యూబులకి కవర్లు కూడా లేవు. ఒక పిటోట్ ట్యూబ్‌లో మట్టి గూడు కట్టే కందిరీగ చేరి ఉంటుందన్నది దర్యాప్తు చేసినవాళ్ల అంచనా. అంత పెద్ద విమానంలో, అంత అనుభవం ఉన్న పైలట్లు తప్పుడు స్పీడు చూసి అయోమయంలో పడ్డారు. మన ఊళ్లలో ఆ కందిరీగలకు కొదవా? కిటికీ ఊచల మీద, స్విచ్ బోర్డు రంధ్రాల్లో రెండ్రోజుల్లో గూడు పెట్టేస్తాయి. పిల్లలకి ఈ సంగతి చెప్పి కవర్ చేతికివ్వండి, ఇక మర్చిపోరు. ఆ ట్యూబూ, దాని డ్రెయిన్ రంధ్రమూ రెండూ పూడుకుంటే స్పీడు మీటరు ఎత్తు పెరిగేకొద్దీ స్పీడు పెరిగినట్టు చూపిస్తుంది. ఎందుకలా అన్నది బ్లాక్ బోర్డు మీద వాళ్ల చేతే గీయించండి. లోపల బందీ అయిన గాలి అలాగే ఉంటుంది, బయట ఒత్తిడి తగ్గుతుంది, డయాఫ్రమ్ ఉబ్బుతుంది. అది గీసిన పిల్లాడికి ఆప్షన్లు అక్కర్లేదు.

గ్లాస్ కాక్‌పిట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నాకు ఎక్కువ భయం దానితోనే.

172 మొదట ఎగిరింది 1955లో. అప్పటినుంచి చాలా ఏళ్లు గుండ్రటి మీటర్లే. ఒక్కో మీటరు వెనక ఏముందో ఊహించుకోవచ్చు. గాలితో నడిచేవి మూడు, వాక్యూమ్‌తో రెండు, కరెంటుతో ఒకటి. ఒకటి తేడా చేస్తే దాని పక్కది చూసి కారణం పసిగట్టొచ్చు. ఇప్పుడు జీ1000 అనే స్క్రీన్ల సిస్టమ్ వచ్చాక అన్నీ ఒకే గాజు పలక మీద ఒకేలా అందంగా కనిపిస్తాయి. వెనక ఏ బాక్సు ఏది ఇస్తుందో పైకి తెలియదు. అందువల్ల స్క్రీన్ మీద ఎర్ర ఇంటూ గుర్తు పడితే విద్యార్థి "స్క్రీన్ పోయింది" అంటాడు. స్క్రీన్ బాగానే ఉంటుంది. స్పీడు, ఎత్తు, ఎక్కే దిగే వేగం మీద ఇంటూలు పడి హొరైజన్ బాగుంటే, పోయింది ఎయిర్ డేటా కంప్యూటర్. హొరైజన్, హెడింగ్ పోయి స్పీడు, ఎత్తు బాగుంటే పోయింది ఏహెచ్ఆర్ఎస్, అంటే విమానం వంపునీ, దిశనీ కనిపెట్టే బాక్సు. స్క్రీనే నల్లబడితే ఆడియో ప్యానెల్ కింది ఎర్ర బటన్ నొక్కితే అన్నీ పక్క స్క్రీన్‌లోకి వస్తాయి. ఈ మూడు తేడాలు తెలియని వాడికి మబ్బులో ఉన్నప్పుడు ఏది నమ్మాలో తెలియదు.

అమెరికాలో ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2010లో ఈ విషయం మీదే ఒక అధ్యయనం బయటపెట్టింది. అప్పటికి కొన్నేళ్ల ముందు తయారైన చిన్న విమానాల్లో గ్లాస్ కాక్‌పిట్ ఉన్నవాటినీ, పాత మీటర్లు ఉన్నవాటినీ పోల్చి చూశారు. గ్లాస్ కాక్‌పిట్ విమానాల్లో మొత్తం ప్రమాదాల రేటు తక్కువే, కానీ ప్రాణాలు పోయే ప్రమాదాల రేటు ఎక్కువ ఉన్నట్టు తేలింది. పైలట్‌కి తన విమానంలో ఉన్న ఆ ఫలానా పరికరాల మీద శిక్షణ కావాలని గట్టిగా చెప్పింది. పరికరం కొత్తదైతే చాలదని దీనర్థం. మన స్కూళ్లలో ఒకే విద్యార్థి ఇవాళ పాత మీటర్ల సెస్నా 152లో, రేపు జీ1000 ఉన్న 172లో ఎగురుతున్నాడు. మధ్యలో అరపూట బ్రీఫింగ్ ఒక్కటే.

గాల్లో సర్క్యూట్ బ్రేకర్లు లాగి నేర్పమని నేను అనడం లేదు. అలా చేయొద్దని సెస్నా వాళ్లే చెబుతారు. బ్రేకర్‌ని స్విచ్‌లా వాడితే అది బలహీనపడి, నిజంగా అవసరమైన రోజున పనిచేయకపోవచ్చు. వేరే దారులున్నాయి. స్క్రీన్ పోయిన పరిస్థితి చూపించాలంటే బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించేస్తే చాలు. మిగతావి కంప్యూటర్ మీద నడిచే ట్రైనర్ సాఫ్ట్‌వేర్‌లో, సిమ్యులేటర్‌లో ఎన్నిసార్లైనా పోగొట్టి చూపించొచ్చు.

ఇంకొకటి, ప్రతి పొద్దునా దొరికే పాఠం మన కళ్లముందే ఉంది. స్టాండ్‌బై బ్యాటరీ ఆర్మ్ చేసి, స్క్రీన్ వెలిగిన తర్వాత ఒక్క నిమిషం చేతులు కట్టుకుని చూడమనండి. మొదట చాలాచోట్ల ఎర్ర ఇంటూలు ఉంటాయి. తర్వాత ఒక్కొక్క బాక్సూ నిద్ర లేస్తున్నట్టు ఒక్కొక్కటీ పోతాయి. ఎయిర్ డేటా వస్తుంది. హొరైజన్ సర్దుకోవడానికి ఇంకాస్త సమయం తీసుకుంటుంది. ఇప్పుడు లేచింది ఏ బాక్సు, అది ఎక్కడుంది, దానికి కరెంటు ఎక్కణ్నుంచి వస్తోంది అని అడగండి. వారం రోజులు ఇలా చేస్తే ఏ సిస్టమ్ బొమ్మా బట్టీ పట్టక్కర్లేదు. నా విద్యార్థుల్లో ఒకమ్మాయి నాలుగో రోజు నేను అడగకముందే వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఆరో రోజు "సార్, ఇవాళ హెడింగ్ ఆలస్యంగా వచ్చింది, ఎందుకు?" అని అడిగింది. పార్కింగ్ పక్కనే ఇనుప సామాను ఏదో పెట్టారు. దిశ కనిపెట్టే మాగ్నెటోమీటర్ రెక్కలో ఉంటుందని, దాని దగ్గర ఇనుముంటే తేడా వస్తుందని ఆ పూటే నేర్చుకుంది.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఇంతమంది విద్యార్థులు. పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండకి కుదుపులు, సాయంత్రం మబ్బులు, మధ్యలో దొరికిన రెండు గంటల్లోనే ఎగరాలి. లైసెన్స్‌కి 200 గంటలు పూర్తి చేయించాలి. ఆలస్యమైతే తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు. ఇంజినీర్లు తక్కువ, వాళ్లకి వాళ్ల పని. విమానం నేల మీద ఉంటే స్కూలుకి నష్టం. అందుకే ఎగిరే సమయంలోంచి ఒక్క గంట కూడా అడగను.

విమానం ఎలాగూ ఆగే రోజులున్నాయి, అవి వాడుకోండి. 50 గంటల ఇన్‌స్పెక్షన్, 100 గంటల ఇన్‌స్పెక్షన్ ప్రతి విమానానికీ వస్తాయి. ఆ రోజు కౌలింగ్ ఎలాగూ తీస్తారు, ప్లగ్గులు తీస్తారు, ఆయిల్ మారుస్తారు. సోలోకి దగ్గరపడిన నలుగురు విద్యార్థుల్ని అక్కడ నిలబెట్టండి. స్పానర్ చేతికివ్వక్కర్లేదు, చూడనిస్తే చాలు. తీసిన ప్లగ్గు మీద మసి ఎలా ఉందో, ఆయిల్ ఫిల్టర్ కోసి ఇంజినీర్ ఏం వెతుకుతున్నారో, వాక్యూమ్ పంపు ఎంత చిన్నదో చూడనివ్వండి. ఆ రోజుని వాళ్ల ట్రైనింగ్ రికార్డులో రాయండి. స్నాగ్ రిజిస్టర్‌ని (విమానంలో వచ్చిన లోపాలు రాసే పుస్తకాన్ని) కూడా దాచకండి. గత ఆరు నెలల్లో మన విమానాల్లో ఏమేం పాడయ్యాయి, ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు అన్నది వారానికోసారి అరగంట కూర్చోబెట్టి చెబితే, అంతకు మించిన సిస్టమ్స్ క్లాసు ఉండదు. స్కూలు పరువు పోతుందని కొందరు అనుకుంటారు. పాడవడం యంత్రానికి సహజం, దాన్ని పట్టుకోవడంలోనే స్కూలు పేరు నిలబడుతుంది.

సోలోకి పంపే ముందు ఒక తెల్ల కాగితం ఇవ్వండి. ఏ పుస్తకమూ చూడకుండా ఇంధనం ట్యాంకు నుంచి సిలిండర్ దాకా ఎలా వెళ్తుందో గీయమనండి. కరెంటు ఆల్టర్నేటర్ నుంచి రేడియో దాకా ఎలా వస్తుందో గీయమనండి. బొమ్మ వంకరగా ఉన్నా పర్లేదు. ఆ తర్వాత ఏదో ఒక గీత మీద మీరు అడ్డంగా కొట్టి, "ఇప్పుడు ఏం పోతుంది, ఏం మిగులుతుంది?" అని అడగండి. సమాధానం చెప్పలేకపోతే ఇంకో రెండు రోజులు ఆపండి. వాళ్లు బాధపడతారు, పడనివ్వండి. మాన్యువల్లో ఏడో సెక్షన్ అంతా దీని గురించే ఉంది. స్కూలు బీరువాలో మూడు కాపీలున్నా, అది తెరిచి చూసిన విద్యార్థులు చాలా తక్కువ. చెక్‌లిస్ట్ బట్టీ పట్టించే ముందు ఆ సెక్షన్ చదివించండి.

భాష సంగతి కూడా చెప్పాలి. రేడియోలో ఇంగ్లిష్ తప్పదు, మాన్యువల్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, పరీక్షా అంతే. అందులో రాజీ లేదు. కానీ అర్థం కావడం అనేది ముందు జరగాలి. తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ బాగా చేసి వచ్చిన పిల్లలు క్లాసులో "ఎనీ డౌట్స్?" అంటే తల అడ్డంగా ఊపుతారు. డౌట్ లేక కాదు, ఇంగ్లిష్‌లో అడగడం రాక. మీకూ తెలుగు వచ్చు, వాళ్లకీ తెలుగు వచ్చు. ఆ పిల్లలకి హ్యాంగర్‌లో పక్కకి పిలిచి తెలుగులో చెప్పండి. పల్లెటూరి పిల్లలకి మోటారు, మాగ్నెట్, ఎర్త్, ఫ్యూజు, చోకు, డీజిల్లో నీళ్లు చేరడం కొత్తవి కావు. బోరు మోటారు దగ్గర, ట్రాక్టర్ దగ్గర చూసినవే. విమానం కూడా వాళ్లకి తెలిసిన లోకంలోదేనని చెప్పేవాళ్లు కావాలి. నాకు మా నాన్న చెప్పాడు. అది నా అదృష్టం, అందరికీ మెకానిక్ నాన్న ఉండడు.

2025లో మన దేశంలో ఫ్లయింగ్ స్కూళ్లకి ర్యాంకులు ఇవ్వడం మొదలైంది. మంచిదే. ర్యాంకు కోసం మీరు గంటలు, విమానాలు, రికార్డులు సరిచూసుకుంటున్నారు. వాటితో పాటు పై పనులన్నీ చేయండి. ఎవరూ తనిఖీకి రాకపోయినా చేయండి.

జూన్ వస్తోంది. మేఘాలు కిందికి దిగి, వారాల తరబడి ఫ్లయింగ్ ఆగిపోయే రోజులు మీకు తెలిసినవే. విద్యార్థులు హాస్టల్ గదుల్లో ఫోన్లు చూస్తూ, మళ్లీ క్వశ్చన్ బ్యాంకులు తిరగేస్తూ కూర్చుంటారు. ఈసారి వాన పడ్డ మొదటి రోజే హ్యాంగర్ తలుపులు తెరిచి వాళ్లని లోపలికి పిలవండి. మీ దగ్గర చెప్పేవాళ్లు తక్కువైతే, నాకు డ్యూటీ లేని ఆదివారాలు నేను వచ్చి చెబుతాను. డబ్బులేమీ వద్దు, ఒక విమానం, ఒక టార్చి లైటు ఉంటే చాలు.

ఇట్లు,
ఒకప్పటి మీ విద్యార్థి,
ఇప్పటి మీ తోటి ఇన్‌స్ట్రక్టర్